ప్రెసిపిటస్, ప్రెసిపిటేట్: కొండకొకటి, కోర్టుకొకటి. తెలుగులో ఏ మాట ఎక్కడ?

కృష్ణలంక_డెస్క్ (విజయవాడ)

అనువాదానికి వచ్చిన నాలుగు కాగితాల్లో ఈ జంట మాటలు తగిలాయి. ఇంగ్లీషు ముక్కని తెలుగు లిపిలోనే ఉంచి పెడుతున్నాను.

1. కొండవీడు ఘాట్ రోడ్డు గురించి పర్యాటక వ్యాసం: రోడ్డుకి ఎడమవైపు "ప్రెసిపిటస్ డ్రాప్".
2. గుంటూరు మిర్చి యార్డు వార్త: ధరల్లో "ప్రెసిపిటస్ ఫాల్".
3. హైకోర్టు ఉత్తర్వు: "నో ప్రెసిపిటేట్ యాక్షన్".
4. గర్భిణుల కోసం కరపత్రం: "ప్రెసిపిటేట్ లేబర్".

నిఘంటువు తీస్తే నిటారైన, ఏటవాలైన, దుడుకైన, తొందరపాటు గల అని అన్నీ ఒకే వరసలో పోసేశారు. ఏది ఎక్కడ అతుకుతుందో, ఎందుకు అతుకుతుందో తెలిసినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట_అనువాదం (గుంటూరు)

రెండిటి మూలం ఒకటే. లాటిన్‌లో "ప్రై" అంటే ముందు, "కాపుత్" అంటే తల. రెండూ కలిసి "ప్రైకెప్స్", తల ముందుగా పడేది. తల ముందుగా పడిపోయేంత నిలువైన చోటు ఒక దారి పట్టింది, తల ముందుకు పెట్టి దూకేసే పని ఇంకో దారి పట్టింది.

ఇంగ్లీషు వాడుక నేర్పే పుస్తకాలు ప్రెసిపిటస్‌ని వాలుకి, ప్రెసిపిటేట్‌ని తొందరకి అట్టేపెట్టుకోమంటాయి. రాసేవాళ్లు మాత్రం ఆ గీత దాటుతూనే ఉంటారు. "ప్రెసిపిటస్ డెసిషన్" అని చాలాచోట్ల కనపడుతుంది, నిఘంటువులూ ఆ అర్థాన్ని ఒప్పుకుంటాయి. అందుకని మాట చివర "టస్" ఉందా "టేట్" ఉందా అన్నది మనకి దిక్సూచి కాదు. దాని పక్కన ఉన్న నామవాచకం ఏమిటో చూడాలి. అది చోటా, అంకా, మనిషి చేసిన పనా, ఒక పరిణామానికి కారణమా, సీసాలో అడుగుకి దిగిన పదార్థమా? ఈ అయిదింటికీ తెలుగులో అయిదు వేరు దారులు.

ఉచ్చారణ కూడా గమనించండి. క్రియ అయితే చివర "టేట్" అని సాగుతుంది. విశేషణం అయితే "టట్" అన్నట్టు పొట్టిగా తెగుతుంది. ప్రసంగం విని అనువదించేటప్పుడు ఇది పనికొస్తుంది.

రసమట్టం (విజయవాడ)

మొదటి వాక్యం నాకు వదిలేయండి, సివిల్ ఇంజనీర్ని.

"ఏటవాలు" అని రాశారంటే పని చెడినట్టే. సమతలం కానిదల్లా ఏటవాలే. బాత్రూమ్ గచ్చుకి మేస్త్రీ పెట్టే వాటం మీటరుకి సెంటీమీటరున్నర ఉంటుంది, అదీ వాలే. చక్రాల కుర్చీ ర్యాంపుకి 12 అడుగుల పొడవుకి 1 అడుగు ఎత్తు మించకూడదు, అదీ ఏటవాలే. ప్రెసిపిటస్ అన్నది దాదాపు నిలువుగా ఉన్నదానికి. "ఏటవాలు"లో నిలువుదనం రాదు.

వాలు అంకెలతో వచ్చినప్పుడు ఇంకో గొయ్యి ఉంది. శాతాన్ని డిగ్రీ చేసేస్తారు. 100 శాతం వాలంటే 45 డిగ్రీలు మాత్రమే, ఎందుకంటే అడ్డంగా 100 పోతే నిలువుగా 100 లేచింది. రోడ్ల ప్రమాణాలు పెట్టే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో నేల అడ్డవాలు 60 శాతం దాటితే దాన్ని "స్టీప్" భూభాగం అంటారు. ఆ 60 శాతం అంటే దాదాపు 31 డిగ్రీలు. దాన్ని "60 డిగ్రీల వాలు" అని అచ్చేస్తే 173 శాతం అయి కూర్చుంటుంది. ఘాట్ రోడ్డు వాలు సంగతి వేరే, అది బండి ఎక్కాలి కాబట్టి అయిదారు శాతం దగ్గర ఉంచుతారు, తప్పనిచోట ఏడెనిమిది. అంటే రోడ్డు ప్రెసిపిటస్ కాదు, రోడ్డు పక్క అంచు ప్రెసిపిటస్. ఈ తేడా చూసుకోకుండా "నిట్టనిలువు ఘాట్ రోడ్డు" అని రాస్తే దాని మీదికి ఏ బస్సూ ఎక్కదు.

నిష్పత్తిలో రాసినా జాగ్రత్త. కరకట్టకి 2:1 వాలు అంటే అడ్డంగా 2, నిలువుగా 1. డిగ్రీల్లో 26 పైచిలుకు. తిరగేసి చదివితే కట్ట 63 డిగ్రీలకి లేస్తుంది. వట్టి మట్టి ఆ వాలులో నిలవదు, మొదటి వానకే జారుతుంది.

కృష్ణలంక_డెస్క్

మరి "నిటారుగా దిగిపోయే లోయ" అనొచ్చా?

రసమట్టం

వ్యాకరణం తప్పు కాదు కానీ చెవికి ఆనదు. నిటారు అనగానే కింద నిలబడి పైకి చూస్తున్నట్టుంటుంది. గోడ నిటారు, చెట్టు నిటారు, వెన్ను నిటారు. పైనుంచి కిందికి చూసేటప్పుడు "నిట్టనిలువు" నయం, అది రెండువైపులా పనిచేస్తుంది. "రోడ్డుకి ఎడమపక్క అంచు దాటితే నిట్టనిలువు లోతు" అంటే చాలు. లోయ అంటే రెండు కొండల మధ్య పల్లం, అగాధం అంటే అడుగు కనపడని లోతు. వాటిలో దేనికీ అంచు తెగిన భావం లేదు.

సత్యనారాయణపురం_మాస్టారు (విజయవాడ)

ఆ అంచు తెగిన భావానికే సంస్కృతంలో "ప్రపాతం" ఉంది. అమరకోశం శైలవర్గంలో "ప్రపాతస్త్వతటో భృగుః" అని మూడు పర్యాయపదాలు. "అతటం" చూడండి, తటం లేనిది. ఆనుకోవడానికి వాలు కూడా మిగలని చోటు. వ్యాసం కొంచెం గంభీరంగా నడుస్తుంటే ప్రపాతం వాడండి, పర్యాటక కరపత్రమైతే రసమట్టం గారి వాక్యమే మేలు.

అచ్చతెలుగు కావాలంటే "చరియ" ఉంది. అది ఇప్పుడు వార్తల్లో విరిగిపడటానికి తప్ప బయటికి రావడం లేదు. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో జరిగింది కూడా అందరూ "కొండచరియలు విరిగిపడి" అనే రాశారు. విరగకపోయినా చరియ చరియే, కొండ పక్కభాగం. "చరియ అంచున దారి" అని నిక్షేపంగా రాసుకోవచ్చు.

యార్డు_కబుర్లు (గుంటూరు)

రెండో వాక్యానికి వద్దాం. "ధరలు నిట్టనిలువునా పతనం" అన్న శీర్షిక గ్రాఫు చూసి రాసింది. యార్డులో ఎవరూ అలా అనరు. రేటు పడిపోయింది అంటారు, మరీ అయితే అమాంతం పడిపోయింది, ఢమాల్‌మంది అంటారు.

ప్రెసిపిటస్ ఫాల్‌లో రెండు ఉండాలి: పడిన మేర ఎక్కువ, పట్టిన కాలం తక్కువ. ఒకటి లేకపోయినా ఆ మాట చెల్లదు. లెక్క కోసం వేసిన అంకెలు ఇవి. క్వింటా 18,000 ఉన్నది ఒక్కరోజులో 17,400 అయింది, అంటే 3 శాతం పైచిలుకు. వేగం ఉంది, మేర లేదు. "తగ్గింది" చాలు. 18,000 నాలుగు నెలల్లో 12,000కి వచ్చింది. మేర ఉంది, వేగం లేదు. "దిగుతూ వచ్చింది", లేదా "నేలచూపులు చూస్తోంది". అదే 12,000కి వారంలో వస్తే అప్పుడు "అమాంతం పడిపోయింది".

"కుప్పకూలింది"ని అందరూ ఇష్టంగా వాడేస్తున్నారు. కూలింది అంటే మళ్లీ తనంతట లేవదని ధ్వని. పై వారం రేటు కోలుకుంటే ఆ శీర్షిక వెక్కిరిస్తుంది. "అమాంతం"కి ఆ ఇబ్బంది లేదు. పెరిగినప్పుడూ అదే, తగ్గినప్పుడూ అదే.

ఇంకొకటి. ఏ రకానికి రేటు పడిందో రాయకుండా "మిర్చి ధర పతనం" అనకండి. తేజ రకం ఒక దారిన, తాలుకాయ (రంగు వెలిసిన నాసికాయ) ఒక దారిన పోతుంటాయి.

నేలపాడు_నోట్సు (గుంటూరు)

మూడోదానికి పత్రికల్లో స్థిరపడిన మాట ఉంది: "తొందరపాటు చర్యలు తీసుకోవద్దు". బాగానే ఉంది, మార్చాల్సిన పని లేదు. దాని చుట్టుపక్కల మాటలతోనే చిక్కంతా.

"త్వరిత చర్యలు వద్దు" అని రాస్తే కోర్టు నెమ్మదిగా చేయమందని అర్థం వస్తుంది. "తక్షణ చర్యలు వద్దు" అంటే రేపు చేసుకోవచ్చేమో అనిపిస్తుంది. ఉత్తర్వు చెప్పేది వేగం గురించి కాదు. విచారణ తేలకముందే కూల్చడం, తొలగించడం, జప్తు చేయడం లాంటి వెనక్కి తిప్పుకోలేని పని చేయొద్దని. ఇక "కోయెర్సివ్" అని ఉంటే అది వేరే మాట, అక్కడ "బలవంతపు చర్యలు" లేదా "కఠిన చర్యలు" అనాలి. ఒకే ఉత్తర్వులో రెండూ కనపడితే రెంటినీ "తొందరపాటు"లో కలిపేయకూడదు. నోటీసు అందుకున్న మనిషికి అరెస్టు నుంచి రక్షణ ఉందా, కూల్చివేత నుంచి రక్షణ ఉందా అన్నది అక్కడే తేలుతుంది.

క్రియగా వస్తే మళ్లీ మారుతుంది. లాయరు నోటీసులో "మేటర్‌ని ప్రెసిపిటేట్ చేయవద్దు" అంటే "వ్యవహారాన్ని ముదరబెట్టవద్దు". "తొందరపెట్టవద్దు" కాదు.

పటమట_ల్యాబ్ (విజయవాడ)

డెస్క్ గారి పట్టికలో లేదు గానీ, బళ్లో అందరికీ ముందు తెలిసేది కెమిస్ట్రీ ప్రెసిపిటేటే. తెలుగు మీడియం పుస్తకాల్లో "అవక్షేపం". అవ అంటే కిందికి, క్షేపం అంటే విసరడం. లాటిన్ క్రియకి ఉన్న అర్థమూ అదే, తలకిందులుగా పడదోయడం. భూగోళంలో వాన, మంచు, వడగళ్లు అన్నీ కలిపి "అవపాతం". అక్కడ వట్టి "వర్షం" అని రాస్తే వడగళ్లు జారిపోతాయి.

ఎక్కువగా కనపడే తప్పు "అవశేషం". అది మిగిలిపోయినది. సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ఉప్పునీళ్లు పోస్తే తెల్లగా విరిగినట్టు ఏర్పడేది అవక్షేపం. వడకట్టాక కాగితం మీద ఆగేది అవశేషం. ఇసుక కలిసిన నీళ్లని వడకట్టినా అవశేషం వస్తుంది, అవక్షేపం మాత్రం లేదు, ఎందుకంటే ద్రావణంలోంచి కొత్తగా ఏదీ పుట్టలేదు.

తమాషా ఏమిటంటే ప్రెసిపిటేట్ తయారీలో ప్రెసిపిటేట్‌గా, అంటే తొందరపాటుగా, ఉండకూడదు. సల్ఫేటు ఎంతుందో తూచాలనుకోండి. ద్రావణాన్ని పలుచగా ఉంచి, కాస్త హైడ్రోక్లోరిక్ ఆమ్లం చేర్చి, మరిగే దగ్గరదాకా వేడిచేసి, బేరియం క్లోరైడుని చుక్కచుక్కగా, కలుపుతూ వేయాలి. గబుక్కున పోస్తే ఒక్కసారిగా లెక్కలేనన్ని సన్నటి కణాలు పుడతాయి, ఏదీ పెరగదు. అవి వడపోత కాగితం రంధ్రాల్లోంచి దిగిపోతాయి, కింద పాత్రలో మసకనీళ్లు, పైన తూకం తక్కువ. పోయడం అయ్యాక కూడా గంటో రెండు గంటలో వేడి మీదే ఉంచుతారు. ఆ వేడిలో చిన్న కణాలు కరిగి పెద్దవాటికి చేరతాయి.

కాన్పుల_వార్డు (గుంటూరు)

నాలుగోది అన్నిటికన్నా ప్రమాదం, అందుకే గట్టిగా చెబుతున్నా. "తొందర ప్రసవం" అని రాయకండి. నెలలు నిండకముందే కాన్పు అని చదువుకుంటారు. అది వేరే సంగతి, 37 వారాల లోపు పుట్టడం. ప్రెసిపిటేట్ లేబర్ అంటే నొప్పులు క్రమంగా రావడం మొదలైన 3 గంటల్లోపే బిడ్డ బయటపడటం. నెలలు నిండినవాళ్లకీ జరుగుతుంది. వారాల లెక్కకీ గంటల లెక్కకీ పొంతన లేదు.

కరపత్రంలో పారిభాషిక పదం పెట్టాలనుకుంటే "అతివేగ ప్రసవం" పెట్టి, వెంటనే విడమరచండి: "నొప్పులు మొదలైన 3 గంటల్లోపే కాన్పు అయిపోవడం. ముందు కాన్పు ఇలా అయినవాళ్లు నొప్పులు మొదలవగానే బయల్దేరాలి, గట్టిపడేదాకా ఆగకూడదు." చదివేవాళ్లకి కావలసింది రెండో వాక్యం. బిడ్డ అంత వేగంగా రావడం వల్ల తల్లికి చీలికలు, అధిక రక్తస్రావం ఉండొచ్చన్నది కూడా చేర్చండి.

వైద్యంలోనే "ప్రెసిపిటేటింగ్ ఫ్యాక్టర్" ఉంది. దాన్ని "కారణం" అనేస్తే మూలకారణం అనుకుంటారు. ఉబ్బసం ఉన్న మనిషికి మిరపకోరు (మిరప ఘాటు) తగిలి ఆయాసం వచ్చిందంటే ఉబ్బసానికి మూలం ఆ కోరు కాదు, ఆ పూట దాన్ని రేపింది కోరు. "జబ్బును రేపే అంశం" సరిపోతుంది.

బ్రాడీపేట_అనువాదం

తొందర మాటల దగ్గర కాస్త ఆగుదాం. ఇక్కడ తెలుగు సంపన్నురాలు, అందుకే పొరపాట్లూ ఎక్కువ. ప్రెసిపిటేట్‌లో నింద ఉంది: ఆలోచించాల్సినంత ఆలోచించలేదు, ఆగాల్సినంత ఆగలేదు. మన మాటల్లో కొన్నిటికే ఆ నింద ఉంది.

"హుటాహుటిన"లో మెప్పు ఉంది. కలెక్టర్ హుటాహుటిన వచ్చారంటే బాధ్యత తెలిసిన మనిషి. "ఆగమేఘాల మీద" సగం మెప్పు, సగం వ్యంగ్యం. ఫైలు ఆగమేఘాల మీద కదిలిందంటే వెనక ఎవరో ఉన్నారని. "ఆదరాబాదరా"లో కంగారు, సామాను మర్చిపోవడం ఉంటాయి గానీ నిర్ణయం తప్పని లేదు. "ఆత్రం" కోరిక వల్ల పుట్టేది. అత్త మెడలో తాళి కట్టిన ఆత్రపు పెళ్లికొడుకుని తలచుకోండి. "దుందుడుకు" మనిషి స్వభావానికి అతుకుతుంది, ఒక ఉత్తర్వుకో ఒప్పందానికో అతకదు. "దూకుడు" ఈమధ్య పూర్తిగా పార్టీ మార్చేసింది. బ్యాటింగులో దూకుడు, పెట్టుబడుల్లో దూకుడు, అంతా పొగడ్తే. ఒకప్పుడు ప్రెసిపిటేట్‌కి దగ్గరి చుట్టం, ఇప్పుడు వాడితే పాఠకుడు చప్పట్లు కొడతాడు.

మిగిలింది తొందరపాటు. తొందరకి రంగు లేదు, "తొందరగా రండి" అని మర్యాదగా పిలుస్తాం. "పాటు" చేరగానే తప్పు పట్టినట్టవుతుంది.

సత్యనారాయణపురం_మాస్టారు

ఆ "పాటు" పడు ధాతువు నుంచి వచ్చింది. తొందరపడు, తొందరపాటు. తత్తరపడు, తత్తరపాటు. ఉలికిపడు, ఉలికిపాటు. పడటం అక్కడ ఉండనే ఉంది. లాటిన్ వాడు కొండ మీంచి పడ్డాడు, మనం తొందరలో పడ్డాం.

సంస్కృతం మాటలు తెచ్చుకుంటే మాత్రం కాలం చూసుకోండి. భారవి కిరాతార్జునీయం రెండో సర్గలో ధర్మరాజు భీముడితో "సహసా విదధీత న క్రియామ్, అవివేకః పరమాపదాం పదమ్" అంటాడు. ఆలోచించకుండా ఏ పనీ చేయకు, అవివేకం పెద్ద ఆపదలకి నెలవు అని. ఆ "సహసా" అచ్చంగా మన చర్చలో మాటే. దాని తోబుట్టువు "సాహసం". సంస్కృతంలో దానికి దుడుకుపని అన్న అర్థం బలంగా ఉంది, తెలుగులో ఇప్పుడు పతకం ఇచ్చే గుణం. "రభస" కూడా అంతే, అక్కడ వేగం, ఉద్రేకం, ఇక్కడ గలాటా. కాబట్టి ప్రెసిపిటేట్‌ని "సాహసోపేత నిర్ణయం" అని తెచ్చారంటే తిట్టు దీవెన అయిపోతుంది. అన్నట్టు అదే కావ్యంలో అర్జునుడు తపస్సు చేసే కొండ ఇంద్రకీలం, బెజవాడ వాళ్లు తమదే అనుకునేది.

వాలూ వేగమూ రెండూ ధ్వనించే తెలుగు మాట ఒకటి నా దృష్టిలో ఉంది: "ఉరవడి". పల్లానికి దూకే నీటి వడి. మనుషులకీ వాడతారు, "యుద్ధానికి ఉరవడించాడు" అని పాత కావ్యభాష.

బ్యారేజీ_గేజి (విజయవాడ)

ఉరవడి మంచి మాటే గానీ వరద వార్తల్లో తప్పుగా తిరుగుతోంది మాస్టారూ. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చింది. క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు, దాదాపు 28.3 లీటర్లు. అది పరిమాణం, వేగం కాదు. వేగం కావాలంటే ఆ అంకెని నీరు పారుతున్న అడ్డుకోత వైశాల్యంతో భాగించాలి. వెడల్పు నదిలో అంత నీరూ నింపాదిగా పోవచ్చు, ఇరుకు వాగులో పదోవంతు నీరే మనిషిని నిలబడనివ్వదు. క్యూసెక్కులు పక్కన ఉంటే "ఉద్ధృతి" రాయండి. కొట్టుకుపోయే వడి గురించి అయితే ఉరవడి.

కృష్ణలంక_డెస్క్

అందరికీ నమస్కారాలు. ఇలా పంపుతున్నాను:

1. రోడ్డుకి ఎడమపక్క అంచు దాటితే నిట్టనిలువు లోతు.
2. వారంలో మూడోవంతు పడిపోయిన మిర్చి ధర.
3. తదుపరి విచారణ వరకు తొందరపాటు చర్యలు వద్దు.
4. అతివేగ ప్రసవం: నొప్పులు మొదలైన 3 గంటల్లోపే కాన్పు అయిపోవడం.

యార్డు_కబుర్లు

రెండోది భేష్, అంకె ఉంటే విశేషణమే అక్కర్లేదు. కానీ "తేజ మిర్చి ధర" అని రకం పెట్టండి, మూల వార్తలో ఉంటే.

నేలపాడు_నోట్సు

మూడోదాంట్లో "తదుపరి విచారణ వరకు" ఉత్తర్వులో ఉందా? లేకపోతే తీసేయండి. కొన్నిటిలో తుది తీర్పు వరకు ఉంటుంది, కొన్నిటిలో ఫలానా తేదీ దాకా అని ఉంటుంది. గడువు మనం చేర్చకూడదు.

కృష్ణలంక_డెస్క్

ఉత్తర్వులో "నాలుగు వారాల వరకు" అని ఉంది. మార్చాను. ఇంకొకటి అడగొచ్చా? టూత్‌పేస్టు డబ్బా మీద "ప్రెసిపిటేటెడ్ కాల్షియం కార్బొనేట్" అని ఉంది, యంత్రానువాదం "అవక్షేపించబడిన" అంటోంది.

పటమట_ల్యాబ్

"అవక్షేపిత కాల్షియం కార్బొనేట్" రాయండి, "బడిన" తోక అక్కర్లేదు. గనిలో తవ్వి పొడిచేసిన సున్నపురాయి కాదని చెప్పడానికే ఆ విశేషణం, కాబట్టి వదిలేయకూడదు. సున్నపురాయిని కాల్చి, నీళ్లు పోసి విరిచి, ఆ సున్నపునీళ్లలోకి కార్బన్ డయాక్సైడ్ పంపితే తెల్లగా దిగేది ఇది. గ్లాసులో సున్నపుతేట పోసి గొట్టంతో ఊదితే పాలలా మారుతుందే, అదే. రేణువులు సన్నగా, ఒకే సైజులో రావాలంటే గాఢత, వేడి, గ్యాసు వేగం అదుపులో పెట్టాలి. రేణువు ముతకైతే పంటి ఎనామిల్‌ని గీకుతుంది.